మూడు నొక్కండి

“నేరాలపై శాసనసభ్యుల వైఖరి తెలుసుకోవడానికి ఒకటి నొక్కండి. పింఛన్లపై వైఖరికి రెండు నొక్కండి. ఆరోగ్య బీమాపై వైఖరికి మూడు నొక్కండి.”

డ్రైవరు మూడు నొక్కాడు. ఆ రోజుకి అది పదకొండోసారి.

“కాగితాల కోసం ఏ రోగీ ఎదురుచూడకూడదన్నదే శాసనసభ్యుల దృఢమైన వైఖరి,” అంది ఫోనులోని ఆడగొంతు. “మా సిబ్బంది ప్రస్తుతం వేరే కాల్స్‌లో ఉన్నారు. దయచేసి ఎదురుచూడండి.”

పక్క మంచం దగ్గర కూర్చున్న దర్జీకి ఒళ్లు మండిపోయింది. బావమరిదికి చెవి ఆపరేషనని తోడొచ్చాడు పాపం. మూడు రోజులుగా ఈ రికార్డు వినీ వినీ మొత్తం కంఠతా వచ్చేసింది. చెవులకి కట్టు కట్టించుకుని హాయిగా గురకపెడుతున్న బావమరిదిని చూస్తే కుళ్లుగా ఉంది.

“ఎమ్మెల్యే ఆఫీసుకే పోయి అడగొచ్చుగా అన్నా?”

“పోయాను తమ్ముడూ. ఫోను చెయ్యమన్నారు.”

డ్రైవరు భార్య దిండుకి ఆనుకుని కూర్చుంది. గొంతులో గడ్డ. రెండు నెలలుగా మాట పెగలడం లేదు. ఏం చెప్పాలన్నా ఒళ్లోని నోటుపుస్తకంలో రాయాల్సిందే. ఈ ఆఫీసులో మూడు నెలలు, ఆ ఆఫీసులో ఆరు నెలలు అంటూ బతుకంతా టైపు కొడుతూ, ఫోన్లు ఎత్తుతూ గడిపిన మనిషి. అన్నీ తాత్కాలిక ఉద్యోగాలే. అలాంటివాళ్లకి బీమా వర్తించాలంటే శాసనసభ్యుడి ఆఫీసు నుంచి లేఖ రావాలట. ఇదేం రూలో, పెట్టినవాడికే తెలియాలి.

స్వరపేటిక తీసేసే ఆపరేషను రేపు పొద్దున. లేఖ ఇవాళ సాయంత్రం ఐదింటిలోగా రాకపోతే ఆ తారీకు ఇంకొకరిది. మళ్లీ నెల దాకా ఖాళీ లేదు. గడ్డ నెల ఆగదని డాక్టరు మొహం మీదే చెప్పేశాడు.

“దయచేసి ఎదురుచూడండి,” అంది ఫోను మళ్లీ.

“నోట్లో బెల్లంముక్క పెట్టుకుని మాట్లాడుతోంది మహాతల్లి!” అన్నాడు దర్జీ. “మాటలు కోటలు దాటుతాయి, చేతలు గడప దాటవు!”

“ఆవిణ్ణేమీ అనకు తమ్ముడూ. రాసిచ్చింది చదివింది, అంతే.”

“మీరు మరీ మెతక. నాకు కనబడితేనా, కడిగిపారేద్దును. ఏం వదినా?”

వదిన నోటుపుస్తకంలో ఏదో గీకి భర్తకి చూపించింది. మూడు రోజుల్లో మొదటిసారి డ్రైవరు పకపకా నవ్వాడు. తన మీదే ఏదో జోకు పేలిందని దర్జీకి అనుమానం వచ్చింది. అడిగితే ఇంకా నవ్వుతారని ఊరుకున్నాడు.

నాలుగున్నరకి నర్సు వచ్చింది. ఆమె మొహం చూస్తేనే తెలిసిపోయింది.

“లేఖ రాలేదండీ. జాబితాలో తర్వాతివాళ్లకి కబురు చెయ్యమంటున్నారు.”

“ఒక్క అరగంటమ్మా!” డ్రైవరు చేతులు జోడించాడు. “ముప్పై ఏళ్లు బస్సు నడిపాను. ఒక్కరినీ సగం దారిలో దింపెయ్యలేదు. ఈవిణ్ణెలా దింపెయ్యను?”

దర్జీ ఇక ఆగలేకపోయాడు. చటుక్కున ఫోను లాక్కున్నాడు.

“మూడు నొక్కితే పలికే మొహాలు కావివి. ఒకటి నొక్కుదాం. ప్రాణాలతో ఆడుకోవడం నేరమేగా!”

ఒకటి నొక్కాడు. నేరాల మీద శాసనసభ్యుడి వైఖరి నిజంగానే గట్టిది కాబోలు, రెండో రింగుకే ఓ మగమనిషి ఎత్తాడు.

“చెప్పండి, ఎక్కడ జరిగింది?”

“ఆస్పత్రిలో. రెండో అంతస్తు, పదిహేడో మంచం.”

“దొంగతనమా, దాడా?”

“హత్య.”

అవతల కుర్చీ కిర్రుమంది. “ఎప్పుడు జరిగిందండీ?”

“ఇంకా జరుగుతోంది. ఐదింటికి పూర్తవుతుంది. చేస్తున్నది మీ ఆఫీసే. ఈ వార్డులో ఇరవైమంది సాక్షులం ఉన్నాం. అందరికీ ఓట్లున్నాయి. పేషెంటు పేరు, నంబరు చెబుతా, రాసుకోండి!”

ఐదుకి పది నిమిషాలుందనగా నర్సు కాగితం పట్టుకుని పరుగెత్తుకొచ్చింది. వార్డంతా చప్పట్లు కొట్టింది. ఆ మోతకి బావమరిది కూడా లేచి కూర్చున్నాడు.

“పీడా విరగడైంది!” దర్జీ నుదుటి చెమట తుడుచుకున్నాడు. “ముందా నంబరు తీసిపారెయ్యండన్నా.”

డ్రైవరు కళ్లు తుడుచుకుని, నర్సు చూపించిన చోటల్లా సంతకాలు పెట్టాడు. తర్వాత స్టూలు మంచం దగ్గరికి లాక్కుని కూర్చున్నాడు. భార్య చెయ్యి పట్టుకుని, మళ్లీ అదే నంబరు కొట్టాడు.

“నేరాలపై శాసనసభ్యుల వైఖరి తెలుసుకోవడానికి...”

“అయ్యో అన్నా! పనైపోయిందిగా, మళ్లీ ఎందుకా గోల?”

డ్రైవరు ఫోనుని దిండు మీద, ఇద్దరికీ వినబడేలా పెట్టాడు.

“ఇంట్లో మీ వదిన ఫొటోలు బోలెడున్నాయి తమ్ముడూ, గొంతు మాత్రం ఈ నంబరులోనే ఉంది.”