కుప్పమ్మకు మూడో రోజు

"మూడో రోజు దాటితే ఒప్పుకునేది లేదప్పా. సంఘం తీర్మానం చేసింది. దాని మీద నువ్వూ సంతకం పెట్టినావు," అన్నాడు సిద్దప్ప.

ఆయన పెద్దపంజాణి చర్చిలో సంఘపెద్ద. ఆయనకెదురుగా వసారాలో నిలబడ్డ కుమార్ ఆర్టీసీ కండక్టరు. కుమార్ తల్లి కుప్పమ్మ గుడ్ ఫ్రైడే నాడు చనిపోయింది. మదనపల్లె నుంచి తెప్పించిన ఐసు పెట్టెలో ఆమెను పడుకోబెట్టారు. ఇప్పుడు శనివారం, పొద్దున తొమ్మిది గంటలు.

"కుదిరితే ఈ దినమే మట్టి చేసేస్తాం. లేదంటే రేపు ఈస్టరు ఆరాధన అయినాక. ఎండలు సూడు, ఎట్లుండాయో."

"సోమవారం దాకా ఆగు సిద్దప్పన్నా. మాలతి ఆ పొద్దు బెంగుళూరులో దిగుతాది."

మాలతి కుమార్ చెల్లెలు. నాలుగేళ్ల కిందట ఇంటిపనికని కువైట్ వెళ్లింది.

"ఖాయంగా దిగుతాదా? పోయినేడు దుబాయి నుంచి కొడుకు వస్తాడని ఒక శవాన్ని అయిదు దినాలు పెట్టుకున్నాం. వాడు రానేలేదు. ఆ తీర్మానం చేసిందే అందుకు."

"ఖాయమే. పేపర్లన్నీ అయిపోయినాయి. విమానం నెంబరు కూడా ఇచ్చినారు."

మంచం మీద కూర్చున్న బాలప్ప తలెత్తాడు. కుమార్ తండ్రి. కిందటి నెలే గుండెనొప్పి వచ్చి, ఆసుపత్రిలో పది రోజులుండి వచ్చాడు. అప్పటి నుంచి ఆయన దగ్గర ఎవరూ గొంతు పెంచి మాట్లాడటం లేదు.

"అమ్మ పోయిన సంగతి దానికి చెప్పినావా రా?"

"లేదు నాయనా."

"చెప్పాకు. దారి పొడుగునా ఏడ్సుకుంటా వస్తాది."

కుమార్ తలూపాడు.

అంతలో పాస్టరు హరినాథ్ వచ్చాడు. సంగతంతా విని, కుర్చీ లాక్కుని కూర్చున్నాడు.

"మూడో రోజంటే ఆదివారమే కుమార్. శుక్రవారం ఒకటి, శనివారం రెండు, ఆదివారం మూడు. ప్రభువు లేచిన లెక్క కూడా ఇదే."

"మూడు పగళ్లు, మూడు రాత్రులు అని ప్రభువే చెప్పినాడు గదా అయ్యగారూ. శుక్రవారం రాత్రి, శనివారం రాత్రి. రెండే కదా ఉండేది?"

"చానామంది అడిగేదే ఇది. గడియారం పెట్టి లెక్కేస్తే నలభై గంటలు కూడా ఉండవు. కానీ యూదుల లెక్కలో, దినంలో ఒక ముక్క ఉన్నా పూర్తి దినమే. రాత్రీ పగలూ కలిసి ఒకటి. శుక్రవారం మూడు గంటలకు ప్రభువు ప్రాణం విడిచినాడు. పొద్దు గుంకకముందే సమాధిలో పెట్టినారు. అందుకే ఆ కాస్త పొద్దునూ ఒక దినం కింద కట్టినారు."

"పొద్దు గుంకినాక ప్రాణం పోయింటే?"

"అప్పుడు శుక్రవారం లెక్కలోకి రాదు. వాళ్లకు పొద్దు గుంకితే మరుసటి దినం పుట్టినట్టే."

కుమార్ గడప దగ్గర నిలబడిన పక్కింటి మునిరత్నమ్మ వైపు తిరిగాడు.

"మాయమ్మ పోయినప్పుడు నువ్వు ఈడనే ఉండావు కదక్కా. టైమెంత?"

"ఏడు దాటింది. వీధి దీపాలు అప్పటికే వేసినారు. నేనే గదా నోట్లో నీళ్లు పోసింది."

"పొద్దు గుంకేది ఆరున్నరకు," అన్నాడు కుమార్. "మీ లెక్క ప్రకారం మాయమ్మ శనివారం పోయింది అయ్యగారూ. శని, ఆది, సోమ. సోమవారం పొద్దు గుంకేదాకా మూడో రోజే."

సిద్దప్ప ఏదో అనబోయి పాస్టరు ముఖం చూశాడు. పాస్టరు కళ్లజోడు తీసి తుడుచుకున్నాడు. మళ్లీ పెట్టుకున్నాడు.

"వాక్యం లెక్క నేనే చెప్పినా. ఇప్పుడు కాదంటే బాగుండదు. సోమవారం ఆరున్నర. ఆ పైన ఒక్క నిమిషం కూడా ఆగం."

"చాలు," అన్నాడు కుమార్.

"టికెట్లు కొట్టేవాడు ఎట్ల పట్టుకున్నాడో సూడు టైము," అని గొణుక్కుంటూ సిద్దప్ప వెళ్లిపోయాడు.

ఈస్టరు ఆరాధన అయ్యాక కుమార్ ఒక వ్యాను మాట్లాడుకుని ఒక్కడే బెంగుళూరు బయలుదేరాడు.

సోమవారం మధ్యాహ్నానికల్లా సమాధి గుంత తవ్వడం పూర్తయింది. మూడయింది. నాలుగయింది. సిద్దప్ప ఇంటికీ రోడ్డుకూ తిరుగుతున్నాడు. బాలప్ప అన్నం ముట్టలేదు. పిల్ల ఎంత ఆకలితో వస్తుందోనని మునిరత్నమ్మ చేత రాగిసంకటి చేయించి మూత పెట్టించాడు.

అయిదుంబావుకు వ్యాను వచ్చింది. జనం దారిచ్చారు. ముందు సీట్లోంచి కుమార్ దిగాడు. బాలప్ప కర్ర పట్టుకుని వ్యాను దాకా నడిచి, ముందు కిటికీలోంచి లోపలికి చూశాడు. డ్రైవరు తప్ప ఎవరూ కనిపించలేదు.

"రాలేదా? నా బిడ్డ రాలేదా?"

"నాకు తెలుసప్పా," అన్నాడు సిద్దప్ప. "ఇట్లనే అవుతాదని నేను ముందే చెప్పినా. మూడు దినాలు ముసలామెను ఐసులో పెట్టి..."

"వచ్చింది సిద్దప్పన్నా."

కుమార్ తండ్రి దగ్గరకు వెళ్లాడు. ఆయన భుజం చుట్టూ చెయ్యి వేసి, మీద ఆనించుకుని గట్టిగా పట్టుకున్నాడు.

"నీకు ఎప్పుడు చెప్పాల్నో తెలీలేదు నాయనా. నువ్వు ఆసుపత్రిలో ఉండావు. నువ్వు తేరుకునేలోపు అమ్మ మంచం పట్టింది."

డ్రైవరు వెనక తలుపు తెరిచాడు. లోపల పొడవాటి చెక్కపెట్టె ఉంది. పాస్టరు హరినాథ్ వంగి, దాని మీద అంటించిన కాగితం చదివాడు. అందులో మాలతి పేరుంది, చనిపోయిన తేదీ మార్చి ఇరవై తొమ్మిది అని ఉంది.