బాబాయ్ కవచం

"అమ్మాయివా? అయితే నీకిక్కడేం పని? దయచెయ్!" అన్నాడు పెద్దన్న హెడ్‌ఫోన్లో.

ఆన్‌లైన్ యుద్ధాల ఆటలో ఆ జట్టుకి అతనే నాయకుడు. అతను, పులి, మొండి, బాబాయ్, ఈ నలుగురూ ఒకరి మొహం ఒకరు చూసిన పాపాన పోలేదు. గొంతులే పరిచయం. ఐదో మనిషిగా చేరిన చిలక ఆ పూట ఓడిపోయే ఆటని ఒంటిచేత్తో గెలిపించింది. గెలిచాక సంతోషం పట్టలేక మొదటిసారి మైకు ఆన్ చేసి, "గేమింగ్ కన్వెన్షన్‌కి నన్నూ మీతో తీసుకెళ్తారా? నేనెప్పుడూ వెళ్ళలేదు, తెలిసినవాళ్ళు కూడా లేరు" అంది. అదే ఆమె చేసిన తప్పు.

"అక్కడ కుట్లూ అల్లికల పోటీ లేదు తల్లీ" అన్నాడు మొండి.

"గెలిచింది మేం. నువ్వు మధ్యలో దూరావంతే" అన్నాడు పులి.

అందరికంటే గట్టిగా నవ్వింది మాత్రం బాబాయే. "ఒరేయ్, ఏడుస్తోంది రోయ్! ఎవరైనా చేతిరుమాలివ్వండ్రా!"

చిలక మైకు ఆగిపోయింది. బాబాయ్ హెడ్‌ఫోన్ తీసి బల్లమీద పెట్టి, జుట్టు ముడి వేసుకుంది.

"ఎవర్నో ఏడిపించినట్టున్నావే" అంది వదిన గుమ్మంలోంచి.

"ఏడిపించకపోతే నన్ననుమానిస్తారు వదినా."

గుమ్మడికాయల దొంగంటే భుజాలు తడుముకునే రకం ఆమె. గొంతు మార్చే యాప్ పుణ్యమా అని అక్కడ ఆమె బాబాయ్. పగలంతా కస్టమర్ కేర్‌లో కూర్చుని "చెప్పండి సార్" అంటే, అవతలివాళ్ళు "నీతో కాదు గానీ, ఎవరైనా మగవాళ్ళకివ్వమ్మా" అంటారు. సాయంత్రం అదే నోటితో "ఎడమవైపు పదండ్రా!" అంటే ముగ్గురు మగాళ్ళు కిక్కురుమనకుండా ఎడమవైపు పరిగెత్తుతారు. లోకంలో ఆమె మాట చెల్లే చోటు అదొక్కటే. అది కూడా పోతే ఇక బతికేదెలాగో ఆమెకి తెలీదు.

అందుకే కొద్దిరోజుల ముందు పెద్దన్న, ఆటగాళ్ళంతా ఒకచోట చేరే ఆ కన్వెన్షన్ మాటెత్తగానే ఆమె గుండెలో రాయి పడింది. కానీ అతనే మళ్ళీ, "మొహాలు చూసుకుని ఏం చేస్తాంరా? ఆటలోలాగే కవచాల్లో వద్దాం. హెల్మెట్ తీసినవాడు జట్టులో ఉండడు" అన్నాడు. పులీ మొండీ మారుమాట లేకుండా సరేనన్నారు. బతుకుజీవుడా అనుకుంది.

అప్పటినుంచి ఇంట్లో అన్నం తినడానికి కూడా చోటు లేదు. ఎక్కడ చూసినా కత్తిరించిన ఫోమ్ షీట్లు, ఆరబెట్టిన వెండిరంగు ముక్కలు. వేడి జిగురు అంటుకుని వేళ్ళు బొబ్బలెక్కాయి. హెల్మెట్లో మైకు, ఛాతీ పలక వెనక చిన్న స్పీకరు, రెంటికీ మధ్య యాప్ ఉన్న ఫోను అమర్చింది. వదిన కవచం భుజాల్లో దిండ్లలోని దూది కుక్కింది, పెద్ద బూట్లలో గుడ్డలు కుక్కింది.

"ఇప్పుడు నడువు. అలా కాదు, ఈ భూమంతా మీ తాతదన్నట్టు నడవాలి."

నడిచింది.

"అచ్చం మీ అన్నయ్యే! ఇక కూర్చో. ఒద్దిగ్గా కాదే, పక్కవాడికి చోటు లేకుండా."

కూర్చుంది. ఇద్దరూ పొట్ట పట్టుకుని నవ్వారు. నవ్వు ఆగాక వదిన, "ఆ పిల్లని కూడా రమ్మంటే మీ సొమ్మేం పోయేది?" అంది.

"దానితోపాటు నన్నూ గెంటేసేవాళ్ళు."

"మగవేషం కుట్టానే గానీ, మగబుద్ధి నేను కుట్టలేదమ్మా" అని వదిన లేచి వెళ్ళిపోయింది. బాబాయ్ హెల్మెట్ తొడుక్కుంది.

కన్వెన్షన్ హాల్లో ఇసకేస్తే రాలనంత జనం. పెద్ద తెర కింద మూడు కవచాలు నిలబడి ఉన్నాయి. "బాబాయ్!" అని పెద్దన్న బొంగురు గొంతుతో అరిచాడు. భుజాలు గుద్దుకున్నారు. బెంచీ మీద మరొకరికి చోటు లేకుండా కూర్చున్నారు. ఆమెకి ఏనుగెక్కినంత సంబరంగా ఉంది.

"మీరేనా? నేను చిలకని!"

వాళ్ళ జట్టు రంగులే వేసుకుని, వాళ్ళ జట్టు గుర్తే గుండెమీద కుట్టుకుని వచ్చింది ఆ పిల్ల. "ఒంటరిగానే వచ్చేశాను. ఆ రోజు సంగతి మర్చిపోదాం. ఒక్క ఫోటో దిగనిస్తారా?"

నాలుగు హెల్మెట్లూ ఒకదానివైపొకటి తిరిగాయి. ఎవరో ఒకరు మొదలెట్టాలి. బాబాయే మొదలెట్టింది.

"ముందు ఇంటికెళ్ళి మీ అమ్మనడిగి రా!"

ముగ్గురూ విరగబడి నవ్వారు. పులి ఆ పిల్ల చేతిలో ఫోను లాక్కుని మొండికి విసిరాడు, మొండి పెద్దన్నకి విసిరాడు. పెద్దన్న దాన్ని బాబాయ్‌కి విసిరి, చిలక గుండెమీది గుర్తుని పర్రున చింపి, "ఇది మగాళ్ళ జట్టు" అన్నాడు. ఇదేదో నాటకమనుకుని చుట్టూ ఉన్నవాళ్ళు చప్పట్లు కొట్టారు. ఫోను బాబాయ్ చేతిలోంచి జారి నేలమీద పగిలింది. చిలక దాన్ని ఏరుకుని గేటు దాటి వెళ్ళిపోయింది.

బాబాయ్ హెల్మెట్లోంచి ఆ గేటు వైపే చూస్తోంది. ముగ్గురిలో ఒక్కడు, ఒక్కడంటే ఒక్కడు "వద్దురా" అని ఉంటే తనూ ఆగేదే. ఈ మగజాతే ఇంత అని మనసుకి సర్దిచెప్పుకుంది.

"నేనో ఫోన్ చేసుకొస్తా" అని పెద్దన్న లేచాడు. పులి మంచినీళ్ళకన్నాడు, మొండి టీకన్నాడు. తలో దిక్కూ వెళ్ళారు. వాళ్ళు కనుమరుగయ్యేదాకా ఆగి, కారుతున్న కన్నీళ్ళు తుడుచుకునే దారిలేక, జనంలోంచి హాలు చివరికి పరిగెత్తి, ఎవరూ చూడడం లేదని రూఢి చేసుకుని లేడీస్ బాత్రూం తలుపు తోసింది.

లోపల అద్దం ముందు హెల్మెట్లు వరసగా పెట్టుకుని, పెద్దన్న, పులి, మొండి, ముగ్గురూ కారిపోయిన కాటుక కడుక్కుంటున్నారు.