పొయ్యికి తెలియని మాట

ఆ రోజులకి ఇంటింటి పొయ్యీ మాట వినడం నేర్చింది. దాన్ని నడిపే ప్రోగ్రాం అందరిదీ, ఎవరైనా దిద్దవచ్చు. కానీ "ఆర్పెయ్" అంటే దానికి అర్థం కాదు, "జ్వాలను నిలుపుము" అనాలి. ఆ ముక్క సమయానికి నోరు తిరక్క నాంచారమ్మ చెయ్యి కాల్చుకుంది.

కోడలు మృదుల కోపంగా కూర్చుని, పొయ్యికి "ఆర్పెయ్" నేర్పే నాలుగు వరుసల కోడ్ రాసి పంపింది. అదే ఆమె మొదటి దిద్దుబాటు. వచ్చిన దిద్దుబాట్లను పరిశీలించే యంత్రం క్షణంలో జవాబిచ్చింది: "మీ కృషి అద్భుతం! ఈ పదం శిష్టం కానందున తిరస్కరించడమైనది."

అదే రోజు ఆ ప్రోగ్రాంలో ఎవరో ఒక కామా తీసేసినందుకు దేశమంతా అభినందనలు.

"ఆ కామా ఎవరి చెయ్యి కాల్చిందట?" అంది నాంచారమ్మ.

మృదుల తన కోడ్‌ని సొంత పొయ్యిలోనే ఎక్కించింది.

"ఆర్పెయ్యవే, దరిద్రపుదానా!" అని అరిచింది అత్త. మంట టక్కున ఆరిపోయింది.

ఆ కేక విని పక్కింటావిడ తన పొయ్యిని చంకన పెట్టుకుని వచ్చేసింది. "మా దానికీ తిట్లు నేర్పమ్మా!"