మెరుపుల గోడలు

ఇప్పుడు ప్రతి ఇంటి గోడా గాజుదే. లోపల ఊదారంగు మెరుపులు పాకుతుంటాయి. చెయ్యి ఆనిస్తే వేళ్ల దగ్గరికి చేరతాయి. చూడ్డానికి బాగానే ఉంటుంది. గోడలు వెలుగుతున్నంతసేపూ మనిషిని మనిషి ముట్టుకుంటే మాత్రం చురుక్కుమంటుంది. అందుకని పిల్లలకు అన్నిటికంటే ముందు ఎడంగా నిలబడటం నేర్పుతారు.

డ్యూటీ దిగి వచ్చిన ఇందుమతి గుమ్మంలోనే చతికిలబడింది. ఆరేళ్ల కూతురు తన్వి రబ్బరు చాప మీద నుంచే అడిగింది.

“అమ్మా, ఇవాళ కరెంటు పోదా? మొన్న పోయినప్పుడు నీ ఒళ్లో పడుకున్నాగా.”

“ఊరికే ఎందుకు పోతుందే? పడుకో.”

పిల్ల చాప మీదే ముడుచుకుంది. ఇందుమతి ఓపిక లేకపోయినా లేచి, ముట్టుకోవద్దని అపార్టుమెంటువాళ్లు వేసిన సీలు తెంపి, మెయిన్ స్విచ్ కట్టేసింది.

“పోయిందే,” అంది చీకట్లో చేతులు చాచి. “రా.”