బస్సులో చెప్తాలే

“కళ్ళల్లో సబ్బు పడింది నాన్నా!” అంటూ లోహిత్ నీళ్ళతొట్టి చుట్టూ పరుగు లంకించుకున్నాడు.

చైతన్య వాణ్ణి దొరకబుచ్చుకుని చెంబెడు నీళ్ళు నెత్తిన గుమ్మరించాడు. ఐదేళ్ళు నిండనివాడు చేతుల్లోంచి చేపపిల్లలా జారిపోతున్నాడు. మామూలు రోజైతే “షాపు తియ్యాలిరా, నిలబడు” అని కసిరేవాడే. చల్లపల్లిలో అతనికి మోటార్లు వైండింగ్ చేసే షాపుంది. ఈరోజు తియ్యలేదు. వాడి వీపు మీద సబ్బు రెండోసారి రుద్దాడు, అవసరం లేకపోయినా.

ఎనిమిదేళ్ళ హవీష్ అప్పటికే తయారై, బ్యాగు పక్కన పెట్టుకుని అరుగు మీద కూర్చున్నాడు. వాడికి స్నానం చేయించక్కర్లేదు, తల దువ్వక్కర్లేదు. తినమంటే తింటాడు, పడుకోమంటే పడుకుంటాడు.

వంటింట్లో లిఖిత సున్నుండలు డబ్బాలో సర్దుతోంది. మూత పెట్టడం, మళ్ళీ తియ్యడం, ఇంకొకటి ఇరికించడం.

“చిన్నోడికి ఆవకాయ ముక్క నీళ్ళల్లో కడిగి పెట్టాలని చెప్పండి. పెద్దోడు ఫ్యాను కింద పడుకుంటే తెల్లారేసరికి దగ్గుతాడని కూడా చెప్పండి.”

“చెప్తాను.”

“ఇంతకీ చిన్నోడికి చెప్పారా?”

“బస్సులో చెప్తాలే.”

“వారం నుంచీ ఇదే మాట. పోనీ నన్ను చెప్పమంటారా?”

“ఒద్దు లిఖితా. అది నేను చెప్పాల్సిన మాట.”

ఆమె లోహిత్‌కి చొక్కా తొడిగి, బొత్తాలు పెట్టి, ఎందుకో అన్నీ విప్పి మళ్ళీ పెట్టింది.

లిఖిత అక్క వర్షిణి పోయి నాలుగేళ్ళు దాటింది. ఆ దిగులుతోనే అక్క భర్త పూర్ణచంద్రరావు మస్కట్ వెళ్ళిపోయాడు. ఎప్పుడైనా వీడియో కాల్ చేస్తే హవీష్ నాలుగు ముక్కలు మాట్లాడేవాడు. లోహిత్ మాత్రం ఆ కొత్త మొహం చూసి చైతన్య వెనక్కి వెళ్ళి దాక్కునేవాడు. పోయిన నెల ఆయన తిరిగొచ్చి, విశాఖలో ఉద్యోగంలో చేరాడు. మర్నాడే ఫోన్ చేశాడు.

“స్కూలు పక్కనే ఇల్లు తీసుకున్నాను తమ్ముడూ. పిల్లల్ని నా దగ్గరికి పంపించు. బందరు దాకా నేనొచ్చి తీసుకెళ్తాను. ఒక్కణ్ణీ ఉండలేకపోతున్నాను.”

“అలాగే అన్నయ్యా,” అన్నాడు చైతన్య. ఆ పూట అతనికి అన్నం సయించలేదు.

బయల్దేరుతుంటే పక్కింటి పున్నమ్మ గోడ మీంచి తొంగి చూసింది.

“ఇంత పసివాళ్ళని పంపించడానికి నీకు మనసెలా ఒప్పిందయ్యా?”

“ఒప్పలేదు పిన్నిగారూ.”

“మరి?”

“మాటిచ్చాను.”

లిఖిత గుమ్మం దాటి రాలేదు.

చల్లపల్లిలో బందరు బస్సెక్కారు. లోహిత్ కిటికీ పక్కన చైతన్య ఒళ్ళో కూర్చున్నాడు. హవీష్ బ్యాగుని గుండెలకి హత్తుకుని ఇవతల కూర్చున్నాడు.

“చిన్నబాబుకి టికెట్టొద్దులెండి,” అన్నాడు కండక్టరు. లోహిత్ బుగ్గ మీద చిటికేసి, “ముక్కూ మొహం అచ్చం మీ పోలికేనండీ!” అన్నాడు.

చైతన్య సంతోషం ఆపుకోలేకపోయాడు. నవ్వేశాడు. హవీష్ ఒకసారి తలెత్తి చూసి, మళ్ళీ దించుకున్నాడు.

రోడ్డుకి ఇరువైపులా పచ్చటి చేలు. కొంగల్ని లెక్కపెడుతూ పెడుతూ లోహిత్ అడిగాడు.

“నువ్వు కూడా మాతో విశాఖ వస్తావుగా?”

“నాకు షాపుంది కదరా.”

“అయితే నేనూ వెళ్ళను. నీ షాపులోనే ఉంటా.”

ఆ షాపులోనే వాడు మొదటిసారి నిలబడ్డాడు, రాగితీగ చుట్టే ఈ చేతుల్నే పట్టుకుని. మోపిదేవిలో పుట్టువెంట్రుకలు తీయించిన రోజు గుక్కపట్టి ఏడుస్తుంటే ఈ ఒళ్ళోనే ఊరుకున్నాడు. రేపట్నుంచి సాయంత్రం బండి చప్పుడు వినగానే గేటు దగ్గరికి ఎవరు పరిగెత్తుకొస్తారు? టిఫిను డబ్బాలో మిగిల్చి తెచ్చిన పకోడీ ఎవరు వెతుక్కుంటారు?

చైతన్య గొంతు సవరించుకున్నాడు.

“చిన్నోడా, నీకో సంగతి చెప్పాలి.”

“ఏంటి నాన్నా?”

వాడు మొహం పూర్తిగా ఇటు తిప్పి, కళ్ళు పెద్దవి చేసుకుని ఎదురుచూస్తున్నాడు.

“సున్నుండ తింటావా?” అన్నాడు చైతన్య.

బందరు బస్టాండులో విశాఖ బస్సు అప్పటికే వచ్చి ఉంది. దాని పక్కనే పూర్ణచంద్రరావు నిలబడి ఉన్నాడు. బాగా చిక్కిపోయాడు. చేతిలో రెండు బిస్కెట్ ప్యాకెట్లు. వీళ్ళని చూసి రెండడుగులు వేసి, అక్కడే ఆగిపోయాడు. ముందుకు రావడానికి భయపడుతున్నవాడిలా ఉన్నాడు.

లోహిత్ చైతన్య కాలు కరుచుకుపోయి, “ఎవరు నాన్నా ఆయన?” అన్నాడు.

చైతన్య వాడి ముందు మోకాళ్ళ మీద కూర్చున్నాడు. వాడి జుట్టు సర్దాడు. చొక్కా సర్దాడు.

హవీష్ బ్యాగు కింద పెట్టాడు. చైతన్య మొహంలోకి ఒక్క క్షణం చూశాడు. చైతన్య మెల్లగా తలూపాడు. హవీష్ తమ్ముడి భుజం మీద చెయ్యేసి, వాడి చెవి దగ్గరికి వంగాడు.

“ఆయనేరా మన నాన్న.”