ముడి వెయ్యని దండ

“దీనికి ముడి వెయ్యను,” అంది లుకియా.

వరండాలో కాళ్లు చాపుకుని కూర్చుని, బొటనవేలికి తగిలించిన, కీ అనే పొడవాటి ఆకుల పాయలు రెండింటినీ మెలితిప్పుతోంది. పక్కన చాపమీద పూర్తయిన దండలు ఆకుపచ్చగా నిగనిగలాడుతున్నాయి. అవన్నీ కొసలు కలిపి ముడేసినవే. ఆమె చేతిలోది మాత్రం కండువాలా రెండు కొసలూ విడిగా వేలాడేలా ఉంది.

“అదేమిటత్తయ్యా. రేపు హులా నాట్యపోటీలో అందరి మెడలోనూ మూసిన దండలుంటే నాకొక్కదానికే ఇలాంటిదా?” అంది కోడలు మాపువా.

“కడుపుతో ఉన్నదాని మెడలో మూసిన దండ వేస్తే, బొడ్డుతాడు బిడ్డ మెడకు చుట్టుకుంటుంది. మా అమ్మ వెయ్యలేదు, నేనూ వెయ్యను.”

మాపువా తెల్లబోయింది. “మీకెవరు చెప్పారు?”

“నీ కాఫీ కప్పు. రోజూ సింకులో ఒంపేస్తున్నావుగా.”

“ఇంకా అలాంటివన్నీ నమ్ముతారా మీరు?”

“నమ్మను. అయినా ముడి వెయ్యను.”

మాపువా చాపమీద చతికిలబడింది. “ఆ వేలాడే కొసలు చూస్తే మన హీలో ఊళ్లో చంటిపిల్లకైనా తెలిసిపోతుంది. నాట్యం నేర్పే కుము నన్ను వరసలోంచి తీసేస్తుంది. నిరుడు మా బృందంలో కవేహీకి ఏమైందో చూశారుగా. బిడ్డను కన్నాక రమ్మని అప్పటికప్పుడు ఇంటికి పంపేసింది. ముందువరస కోసం ఎన్నాళ్లు ఎదురుచూశానో మీకు తెలియదా?”

“నిన్ను ఆడొద్దన్నానా? దండ ముడి వెయ్యనన్నాను, అంతే.”

అంతలో గేటు చప్పుడైంది. మాపువా వాళ్లకు హులా నేర్పే గురువు, కుము హౌనాని, లోపలికి వస్తోంది. మాపువా గబుక్కున ఆ దండమీద తడిగుడ్డ కప్పేసింది.

హౌనాని ఒక దండ ఎత్తి, మెలికల వెంట వేళ్లు జరిపింది. “ఎక్కడా ఈనె తగల్లేదు. మీ చేతిపనికి వంక పెట్టలేం ఆంటీ. కానీ అన్నీ ఒకే తీరుగా ఉండాలి, నాదీ అంతే. ఒక్కటి తేడాగా కనిపించినా జడ్జీలు మార్కులు కోస్తారు.”

“కోయరులే. కూర్చో,” అంటూ లుకియా పచ్చి చేపముక్కల గిన్నె ముందుకు జరిపింది. “నీకిష్టమని ఉల్లికాడలు ఎక్కువ వేశాను.”

హౌనాని మొహం పక్కకు తిప్పుకుంది. “వద్దాంటీ. పోటీ ముందు నాకేదీ సహించదు.”

లుకియా ఆమెకేసి ఒకసారి చూసి గిన్నెమీద మూత పెట్టింది. “అన్నీ ఒకే తీరుగా ఉంటాయి. ఆ పూచీ నాది.”

హౌనాని గేటు దాటగానే మాపువా గుడ్డ తీసింది. “విన్నారుగా. ఇప్పుడైనా ముడెయ్యండి.”

“మాటిచ్చానుగా. నువ్వెళ్లి నీ పాదాలకు కాస్త నూనె రాసుకో.”

మర్నాడు స్టేజి వెనక అట్టపెట్టె మూత తీసిన మాపువా అలాగే నిలబడిపోయింది. పెట్టెలో ఒక్క దండకూ ముడి లేదు. లుకియా అన్నిటినీ విప్పేసింది. మిగతా అమ్మాయిలు మొహామొహాలు చూసుకున్నారు.

“మీ అత్తకేమైంది?” అంది ఒకతె. “మమ్మల్నందర్నీ గర్భవతుల్ని చేసేలా ఉంది.”

అవతల స్టేజిమీద తమ బృందం పేరు పిలిచారు. మళ్లీ ముడులేసే వ్యవధి లేదు. అప్పుడే హౌనాని వచ్చింది. తన దండ చేతిలోకి తీసుకుంది. వేలాడుతున్న కొసలు చూడగానే ఆమె మొహంలో రంగు మారింది.

హౌనాని దండను మెల్లగా మెడలో వేసుకుని, కొసలు రెండూ గుండెలమీద సర్దుకుంది. “చూస్తారేం? వేసుకోండి. ఈసారి మన తీరు ఇదే.”

మాపువా అందరితోపాటు తనదీ వేసుకుంది. ఇక తనను ఎవరూ పోల్చుకోలేరు. అత్తయ్య తెలివికి లోలోపలే నవ్వుకుంటూ ముందువరసలో నిలబడింది.

తెర లేవబోతుండగా హౌనాని ఆమె మోచెయ్యి పట్టుకుని, చెవి దగ్గరకు వంగింది.

“మా ఆయనకే ఇంకా చెప్పలేదు మాపువా. మీ అత్తకెలా తెలిసింది?”