రెండో కాన్పు బ్యాచ్

“రెండో కాన్పా? అయితే మీకు క్రాష్ కోర్సు చాలు,” అంది వసుమతి.

అమీర్‌పేటలో దేనికైనా కోర్సు దొరుకుతుంది. మైత్రీవనం వెనక సందులో, మెట్లెక్కి ఆయాసపడితే వచ్చే ఆ గదిలో మొన్నటిదాకా సాఫ్ట్‌వేర్ టెస్టింగ్ చెప్పేవారు. ఇప్పుడు అక్కడ వసుమతి, ఇంట్లోనే పిల్లల్ని కనడం ఎలాగో నేర్పుతోంది. బోర్డు అదే, కుర్చీలు అవే, గోడమీద ‘గ్యారంటీ’ అన్న స్టిక్కర్ కూడా అదే. ఆమె ఒక్క కాన్పయినా చేసిందా అని ఇంతవరకూ ఎవరూ అడగలేదు. అడిగే తెలివి ఉన్నవాళ్లు ఆ మెట్లెక్కరు.

ఎదురుగా మహిపాల్, అతని తల్లి మణెమ్మ, నిండు నెలల భార్య వెన్నెల కూర్చున్నారు. మహిపాల్ కూతురు లాస్య బోర్డు మీద పిచ్చిగీతలు గీస్తోంది.

“ఔ మేడం, మా ఇంట్ల రెండోది,” అన్నాడు మహిపాల్. అతనికి దగ్గర్లోనే మ్యాచింగ్ సెంటర్ ఉంది. చీరకు జాకెట్ గుడ్డ కలపడం తప్ప ఏమీ తెలియదు. కానీ ఫోన్‌లో వీడియోలు చూసీ చూసీ కాన్పుల పండితుడైపోయాడు.

“మొదటిసారి వాళ్లకయితే పొద్దుటి బ్యాచ్, పెద్ద కోర్సు. రెండోసారి వాళ్లకి ఒంటికి దారి తెలిసే ఉంటుంది,” అంది వసుమతి. “పోయినసారి ఏంటి ఇబ్బంది?”

వెన్నెల నోరు తెరిచేలోపే మహిపాల్ అందుకున్నాడు. ఆమెను అడిగిన ప్రతిదానికీ జవాబు అతని దగ్గరే ఉంటుంది.

“మస్తు పరేషాన్ అయినం మేడం. రక్తం ఆగలె. పెద్ద దవాఖాన అని పోతే, వాళ్లే ఆగం జేసిన్రు.”

“గా దవాఖాన్ల అడుగు వెట్టుడే తప్పు,” అంది మణెమ్మ. “ఇంటికాడ మంచిగనే ఉండె. నడుసుకుంట పోయె.”

“నడవలె అత్తమ్మా. మోసుకపోయిన్రు,” అంది వెన్నెల.

“నీకేం ఎరుక, నువ్వు ఊకో.”

వెన్నెలకు కావలసింది ఒక్కటే. దవాఖానలో కనాలి, బతికి ఇంటికి రావాలి. రక్తం తక్కువుంది, బీపీ ఎక్కువుంది అని పంజగుట్ట డాక్టర్ బతూల్ ముందే చెప్పింది.

“గా బతూల్ డాక్టరమ్మ ఏమన్నదో ఎరుకేనా మేడం,” మహిపాల్ నవ్వాడు. “మీ ఇంట్ల గట్లయినంక సుత ఇంట్ల కాన్పు అంటున్నరా, జర సిగ్గుండాలె అన్నది. భయపెట్టుడే వాళ్ల దందా.”

“వాళ్లు భయం నేర్పుతారు, మనం ధైర్యం నేర్పుతాం,” అంది వసుమతి. రోజుకు ఎన్నిసార్లు అంటుందో, ఆ మాట నోట్లోంచి అరిగిపోయి వచ్చింది. “ఈ పాప అప్పుడు పుట్టిందేనా?”

“ఔ.”

“చూశారా, బంగారంలా ఉంది. ఇంకేం కావాలండీ?”

లాస్య వచ్చి వెన్నెల మోకాలికి ఆనుకుని “ఇంటికి పోదాం అమ్మా” అంది.

“పాత భయం ఒకటి లోపల కూర్చుంది. ముందు దాన్ని తీసేద్దాం,” అంటూ వసుమతి ఫోన్‌లో వేణునాదం పెట్టింది. పక్క గదిలో స్పోకెన్ ఇంగ్లీష్ బ్యాచ్ గొంతెత్తి వల్లెవేస్తోంది. ఆ గోల ముందు వేణువు నిలవలేదు. “కళ్లు మూసుకోండి వెన్నెల గారూ. పోయినసారి కాన్పు గదిలోకి వెళ్లండి. బల్ల కనిపిస్తోందా?”

“కనవడ్తున్నది.”

“బల్ల మీద ఉన్న మనిషిని చూడండి. ముఖం ఎలా ఉంది?”

“తెల్లగున్నది. పెదాలు సుత తెల్లగున్నయి.”

“ఏమంటోంది?”

“పొద్దటిసంది దవాఖానకు తీస్కపొమ్మంటున్న, ఎవ్వరింటలేరు అంటున్నది.”

“రాహుకాలం ఉండె గదనే,” మణెమ్మ గొణిగింది. “అది పోయేదాంక ఆగినం. గంతే.”

“అది భయం మాట్లాడే మాట, పట్టించుకోకండి,” అంది వసుమతి, ఎవరితో అంటోందో చూసుకోకుండానే. “ఇంకా ఏమంటోంది?”

“పాపను జర చూస్కో అంటున్నది.”

మహిపాల్ ఫోన్ తీసి అందులో ముఖం పెట్టుకున్నాడు.

వెన్నెల కళ్లు తెరిచింది. కుర్చీ చేతులు పట్టుకుని మెల్లగా లేచి, లాస్య వేలు పట్టుకుంది.

“నేను పంజగుట్టకు పోతున్న. బతూల్ మేడం దగ్గర ఇయ్యాలనే చేరుత,” అంది మహిపాల్‌తో. “నువ్వొస్తే రా. రాకున్నా నేను పోత.”

“ఏందే, పెద్దోళ్లు చెప్తుంటే,” అని మణెమ్మ కొంగు సర్దుకుని లేవబోయింది. వెన్నెల ఆమె వైపు చూడనైనా చూడలేదు. గుమ్మం దాకా వెళ్లి చెప్పులు వేసుకుంటోంది.

“మధ్యలో లేవకూడదమ్మా,” వసుమతి విసుక్కుంది. “ఆ బల్ల మీదున్న మీతో ‘అంతా బాగైపోయింది, నేను క్షేమంగా ఉన్నాను’ అని చెప్పి రావాలి. చెప్పకపోతే కోర్సు పనిచేయదు.”

వెన్నెల గడప దాటి, వెనక్కి తిరిగింది.

“గా బల్ల మీద పాణం ఇడిసింది మా అక్క మేడం.”